నలభై డిగ్రీల్లో ఉక్కు పడవ

లండన్ అంటే మన సినిమాల్లో ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. బిగ్ బెన్ గడియారం, ఎర్ర బస్సు, థేమ్స్ మీద వంతెన. హీరోకి మోకాళ్ళదాకా కోటు, హీరోయిన్ మెడ చుట్టూ మఫ్లరు. పాట రెండో చరణానికి వచ్చేసరికి నాలుగు చినుకులు పడాలి. చలి లేని ఇంగ్లండుని ఏ డైరెక్టరూ చూపించడు, ఏ ప్రేక్షకుడూ అడగడు.

మరి అదే ఇంగ్లండులో నలభై డిగ్రీల ఎండ కాస్తే? ఆ ఎండలో మనిషి కాపురం ఇటుకల ఇంట్లో కాక, ఉక్కుతో చేసిన పడవలో అయితే?

ఆ సీను నేను కళ్ళారా చూశాను. 2022 జులైలో. ఆర్క్ లైట్లు లేవు, మేకప్పు లేదు, "కట్" చెప్పేవాడు అంతకన్నా లేడు!

ఏడడుగుల కాపురం

మనకి ఏడడుగులంటే పెళ్ళి. ఇంగ్లండు కాలువల మీద ఏడడుగులంటే పడవ వెడల్పు. దాని పేరు నేరోబోటు. అంటే సన్నపడవ. పొడవు 70 అడుగుల దాకా ఉండొచ్చు గానీ వెడల్పు మాత్రం 7 అడుగులకి ఓ రవ్వ తక్కువే. ఇద్దరు ఎదురైతే ఒకరు గోడకి అతుక్కోవాలి!

ఎందుకంత సన్నం అంటారా? ఆ కాలువల్లో చాలాభాగం 18వ శతాబ్దం చివర్లోనూ, 19వ శతాబ్దం మొదట్లోనూ తవ్వారు. అప్పటికి రైళ్ళు లేవు, రోడ్లంటే బురద. బొగ్గు, ఇనుము, పింగాణీ అన్నీ పడవల మీదే వెళ్ళేవి. గట్టు మీద గుర్రం నడుస్తుంటే దాని వెనక నీళ్ళ మీద పడవ సాగేది. కాలువ ఎత్తు మారే చోటల్లా లాకులు కట్టారు. గోదావరి, కృష్ణా జిల్లాల వాళ్ళకి లాకులంటే ఏమిటో వివరించనక్కర్లేదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక మన కాలువల మీదా ఆ లాకులే, ఆ మాటే! మధ్య ఇంగ్లండులో ఖర్చు కలిసొస్తుందని లాకుల్ని 7 అడుగుల వెడల్పుతో సరిపెట్టారు. అందుకని పడవా అంతే.

తర్వాత రైలొచ్చింది, లారీ వచ్చింది, సరుకు పోయింది. కాలువలు పూడిపోయేవే. 1944లో రోల్ట్ అనే రచయిత తన పడవ ప్రయాణం మీద 'నేరో బోట్' అనే పుస్తకం రాశాడు. జనానికి కాలువల మీద మళ్ళీ మోజు పుట్టింది. ఇప్పుడు ఇంగ్లండు, వేల్సుల్లో సుమారు 2,000 మైళ్ళ కాలువల్ని, నదుల్ని 2012లో ఏర్పడ్డ ఒక ట్రస్టు చూస్తోంది. వాటి మీద 35 వేలకు పైగా పడవలున్నాయి. కొన్ని షికారుకి. కొన్ని మాత్రం అచ్చంగా ఇళ్ళు. అద్దె కట్టలేనివాళ్ళు, కట్టడం ఇష్టంలేనివాళ్ళు, రిటైరైనవాళ్ళు, కొత్తగా పెళ్ళైనవాళ్ళు... అన్ని రకాల వాళ్ళూ ఉన్నారు.

మా మేనత్త కొడుకు వాళ్ళలో ఒకడు. ఊరు కోనసీమలో ముక్తేశ్వరం. చిన్నప్పుడు కోటిపల్లి రేవు దాటడానికి రోజూ పంటు ఎక్కినవాడు. లండన్లో కంప్యూటర్ల ఉద్యోగం. నెలనెలా జీతంలో సగం ఇంటివాడి చేతిలో పొయ్యలేక ఒక సెకండ్‌హ్యాండ్ నేరోబోటు కొనుక్కున్నాడు.

"నీళ్ళ మీద పుట్టి పెరిగినవాళ్ళం రా. అపార్టుమెంటు ఏడో అంతస్తు కంటే ఇది మనకి అచ్చొస్తుంది" అన్నాడు, నేను ఫోన్లో నవ్వితే.

పని మీద లండన్ వెళ్ళినవాణ్ణి, హోటలు బిల్లు తప్పుతుందని ఆ పడవలో దిగాను. యూస్టన్ స్టేషన్లో రైలెక్కితే ముప్పావుగంట లోపు ట్రింగ్. ఆ చుట్టుపక్కల గ్రాండ్ యూనియన్ కాలువ మీద, కౌరోస్ట్ అనే చోట బావ పడవ కట్టి ఉంది. లండన్ నుంచి బర్మింగ్‌హామ్ దాకా 137 మైళ్ళు సాగే కాలువ అది. పచ్చిక, ఆవులు, నీళ్ళ మీద హంసలు... క్లోజప్ పెడితే చాలు, డ్యూయెట్టే!

కాళ్ళు గోదావరిలో, నెత్తి రెంటచింతలలో

వారం తిరక్కుండానే ఆ డ్యూయెట్టు కాస్తా ఫైటింగ్ సీనైపోయింది.

నేరోబోటు ఎలా కడతారో తెలిస్తే ఎందుకో అర్థమవుతుంది. అడుగున 10 మిల్లీమీటర్ల ఉక్కు పలక, పక్కలకి 6, కప్పుకి 4. దానికి లోపలివైపు నురగలాంటి పదార్థం కొట్టి, పైన చెక్క పలకలు బిగిస్తారు. ఇదంతా చలికాలం కోసం. ముందుభాగంలో బొగ్గు పొయ్యి ఒకటి. జనవరిలో బయట మంచు గడ్డకట్టినా లోపల బనీనుతో కూర్చోవచ్చట. కిటికీలు చిన్నవి, గుండ్రటివి. పైన రంగేమో సంప్రదాయం ప్రకారం ముదురు ఆకుపచ్చ, ముదురు ఎరుపు, నలుపు. ఒక్కముక్కలో చెప్పాలంటే వేడిని బయటికి పోనివ్వకుండా ఎన్ని ఏర్పాట్లుండాలో అన్నీ ఉన్నాయి.

"కింద నీళ్ళున్నాయి కదా బావా, చల్లగా ఉండదా?" అని అడిగాను.

"కింద కూర్చుని చూడు" అన్నాడు.

నిజమే. నేల మీద కూర్చుంటే హాయిగా ఉంది. పడవ నీళ్ళలో మునిగి ఉండేది సుమారు రెండడుగులే. అంతవరకూ చల్లదనం. లేచి నిలబడగానే సెగ! కప్పు తలకి జానెడు ఎత్తులోనే ఉంటుంది. పగలంతా దాచుకున్న వేడిని నెత్తిమీద కుమ్మరిస్తుంది. కాళ్ళు గోదావరిలో, నెత్తి రెంటచింతలలో పెట్టుకున్నట్టు!

ఆ కప్పు మీద చెయ్యి పెట్టలేకపోయాం. దోసె వెయ్యొచ్చు అనడం అతిశయోక్తే గానీ, పిండి ఉంటే ప్రయత్నించేవాణ్ణే.

అలాగని ఏసీ పెట్టుకుందామంటే కరెంటేదీ? గట్టు మీద కట్టిన పడవకి కరెంటు తీగ ఉండదు. కప్పు మీది సోలార్ పలకలు, కింద బ్యాటరీలు, అంతే. ఎండ ఎక్కువైతే కరెంటు బోలెడొస్తుందనుకుంటాం. కానీ ఆ పలకలు బాగా వేడెక్కితే వాటి పని మందగిస్తుంది. ఈలోగా ఫ్రిజ్ ఊపిరి తీసుకోకుండా ఆడుతూ వచ్చిన కరెంటంతా తాగేస్తుంది. మంచినీళ్ళ ట్యాంకు మాత్రం ముందు డెక్కు కింద, నీటిమట్టానికి దిగువన ఉంటుంది కాబట్టి నీళ్ళు కుండలో నీళ్ళలా ఉండేవి. అయితే ట్యాంకు కొన్ని వందల లీటర్లే. అయిపోతే పడవని కుళాయి ఉన్న చోటికి నడిపించుకుపోవాలి.

పోనీ కాలువలో దూకితే? అక్కడ ఈత నిషిద్ధం. నిషేధం సంగతి అలా ఉంచితే, నిలవనీటిలో ఎలుకల వల్ల వచ్చే జ్వరం ఒకటి, ఎండలకి పెరిగే నీలి ఆకుపచ్చ నాచు ఒకటి. ఆ నాచు విషం కుక్కల ప్రాణాలే తీస్తుంది. చుట్టూ నీళ్ళే, ఒక్క మునకకి దిక్కులేదు!

రేడియో చెప్పిన మాట

జులై 18, 19 తేదీలకి వాతావరణ శాఖ ఎర్ర హెచ్చరిక చేసింది. విపరీతమైన వేడికి ఎర్ర హెచ్చరిక ఇవ్వడం ఆ దేశ చరిత్రలో అదే మొదటిసారి. రేడియోలో గంటగంటకీ అదే వార్త. కిటికీలు మూసుకోండి, తెరలు దించుకోండి, ఇంట్లోంచి కదలకండి.

ఇటుకల ఇంటికి అది మంచి సలహాయే. మందపాటి గోడలు, పైన ఇంకో అంతస్తు. బయటి వేడి లోపలికి రావడానికి పొద్దంతా పడుతుంది. ఉక్కు పడవ సంగతి వేరు. వేడి కిటికీలోంచి రానక్కర్లేదు, కప్పే పొయ్యి. తలుపులు మూశారంటే పొయ్యి మీద మూత పెట్టినట్టే.

మా పక్క పడవలో డెబ్భై దాటిన పెద్దావిడ ఉండేది. భర్త పోయాక ఇల్లమ్మేసి, ముసలి కుక్కతో సహా నీళ్ళ మీదికి మకాం మార్చింది. ఇరవై ఏళ్ళ అనుభవం. పడవ నడపడంలో మా బావకి గురువు. రోజూ ఉదయం చుక్కాని దగ్గర నిలబడి టీ తాగుతూ చెయ్యూపేది. పద్దెనిమిదో తేదీన కూడా ఊపింది. మధ్యాహ్నానికి ఆ పడవ తలుపులు మూసి, తెరలు దించి ఉన్నాయి.

మూడున్నరకి కుక్క ఒకటే మూలుగు. బావ వెళ్ళి కప్పు మీద తట్టాడు. లోపల్నుంచి "నేను బాగానే ఉన్నాను" అని జవాబు. కాసేపాగి మళ్ళీ తట్టాడు. మళ్ళీ అదే మాట, అదే రాగం. మూడోసారీ అంతే. అరిగిపోయిన రికార్డులా!

"ఒరేయ్, ఇది బాగా లేదు, రా" అన్నాడు బావ.

తలుపు తోసుకుని వెళ్ళాం. లోపల ధర్మామీటరు 42 చూపిస్తోంది. ఆవిడ మంచం అంచున కూర్చుని ఉంది. మొహం ఎర్రగా కందిపోయింది. చెయ్యి పట్టుకుంటే చర్మం పొడిగా, వేడిగా ఉంది, చెమట లేదు. ఎదురుగా నీళ్ళ గ్లాసు నిండుగా ఉంది. బావని పేరు పెట్టి పిలవకుండా ఎవరో తెలియనట్టు చూసింది. మే నెలలో మన ఊళ్ళల్లో పెరిగినవాడికి అది ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. వడదెబ్బ!

ఇద్దరం చెరో రెక్కా పట్టుకుని గట్టు మీద చెట్టు నీడకి చేర్చాం. బావ అత్యవసర ఫోను చేశాడు. నేను ట్యాంకు నీళ్ళలో తుండు తడిపి మెడకీ, చంకలకీ చుట్టాను. బాల్చీలో పాదాలు పెట్టించాను. దారినపోయే ఒకమ్మాయి ఆగి, ఎవరూ అడక్కుండానే అట్టముక్క తీసుకుని విసరడం మొదలెట్టింది. ఫోన్లో అవతలివాళ్ళు అడిగిన ప్రశ్నలకి బావ జవాబులు చెబుతున్నాడు. ఎంత వయసు, ఎన్ని గంటల్నుంచి, మాట తెలుస్తోందా...

పది నిమిషాలు. నిజం చెప్పొద్దూ, నా జీవితంలో అంత పొడుగు పది నిమిషాలు ఏ సస్పెన్సు సినిమాలోనూ చూళ్ళేదు.

"ఎవరు మీరు? నా చెప్పులేవి?" అంది చివరికి, నన్ను చూసి. పక్కనే కుక్క తోకాడించింది. బావ నేల మీద చతికిలబడి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది.

అంబులెన్సువాళ్ళు వచ్చి చూసి, ఆలస్యమైతే ఆస్పత్రికే అన్నారు. ఈ రాత్రి ఒంటరిగా వదలొద్దని గట్టిగా చెప్పి వెళ్ళారు.

ఈ సంగతి ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నానంటే, 2022 వేసవిలో ఇంగ్లండులో వేడి తాకిడి ఎక్కువగా ఉన్న రోజుల్లో 65 ఏళ్ళు దాటినవాళ్ళలో మామూలుకంటే 2,800 మంది ఎక్కువ చనిపోయారని అక్కడి ఆరోగ్య శాఖ లెక్క. వాళ్ళలో చాలామంది తలుపు తట్టితే "నేను బాగానే ఉన్నాను" అనే ఉంటారు.

గట్టు మీద సెకండ్ షో

ఆ రాత్రి ఎవరికీ నిద్ర లేదు. బ్రిటన్‌లో అప్పటిదాకా నమోదైన రాత్రుల్లోకెల్లా వేడి రాత్రి అది. గట్టు మీద దుప్పట్లు పరుచుకుని కూర్చున్నాం. దగ్గర్లోని దుకాణంలో కొన్న పెరుగుని నేను చిలికి, ఉప్పు, అల్లం, నిమ్మకాయ పడేసి మజ్జిగ చేశాను. ఆవిడ మొదట అనుమానంగా చూసింది. మూడో గ్లాసు తనే అడిగింది.

మాటలు సినిమాల మీదికి మళ్ళాయి. మళ్ళవూ మరి, ఇద్దరు తెలుగువాళ్ళున్న చోట!

"నా చిన్నప్పుడు ఇక్కడికి నాలుగు మైళ్ళ లోపే సినిమా తీశారు తెలుసా?" అంది ఆవిడ. 1964లో వచ్చిన 'ది బార్జీ'. హ్యారీ కార్బెట్ హీరో. లాకు కాపలాదారు కూతురితో ప్రేమలో ఇరుక్కున్న సరదా పడవవాడి కథ. మార్స్‌వర్త్ లాకుల దగ్గర షూటింగు. అంతకుముందు 1945లో ఈలింగ్ స్టూడియో వాళ్ళు 'పెయింటెడ్ బోట్స్' తీశారు. గుర్రం లాగే పడవ కుటుంబం ఒకటి, ఇంజను పడవ కుటుంబం ఒకటి. ఇంజనా, గుర్రమా అనే తగువు మధ్య ప్రేమకథ. ఇలాంటి తగువు మన సినిమాలకి కొత్తేం కాదు కదా!

"1964 అన్నారా? అదే ఏడాది మాకూ పడవవాడి సినిమా వచ్చింది" అని బావ అందుకున్నాడు. 'మూగ మనసులు'. గోదావరి, పడవ, అక్కినేని, సావిత్రి. తర్వాత 1973లో బాపు తీసిన 'అందాల రాముడు', లాంచీ మీద భద్రాచలం ప్రయాణం. బావ కథలు చెబుతున్నాడు, చేతులతో గోదావరి వెడల్పు చూపిస్తున్నాడు. ఎదురుగా ఉన్న కాలువ వెడల్పు నలభై అడుగులుంటుందేమో!

ఆ దేశంలో కాలువ ప్రయాణాల మీద టీవీలో బాగా పేరొచ్చిన కార్యక్రమం ఒకటుంది. 2014లో మొదలైంది. తిమోతీ వెస్ట్, ప్రునెల్లా స్కేల్స్ అనే నటులు, నిజ జీవితంలో భార్యాభర్తలు, నేరోబోటు మీద ఊళ్ళు తిరుగుతారు. ఆవిడకి మతిమరుపు జబ్బు ముదురుతున్నా ఆయన పక్కనుండి నడిపించుకుపోతుంటాడు. పెద్దావిడ ఒక్క భాగం కూడా వదల్లేదట. ఇప్పుడా ఇద్దరూ లేరు. ఆయన 2024లో, ఆవిడ 2025లో వెళ్ళిపోయారు.

మరి 1976 ఎండలు చూశారా అని అడిగాను. ఆ ఏడాది ఇంగ్లండులో ఎక్కడో ఒకచోట వరసగా 15 రోజులు 32 డిగ్రీలు దాటింది. కరువు కోసం ప్రత్యేకంగా ఒక మంత్రినే వేశారు. ఆయన పదవిలోకి వచ్చిన కొద్దిరోజులకే వానలు!

"చూశాను. అప్పుడు పగలు వేడి, రాత్రి చల్లన. ఇప్పుడు రాత్రి కూడా సెలవు తీసుకోవడం లేదు" అంది.

తెల్లారగట్ల ప్రయాణం

మర్నాడు ఇంతకంటే ఎక్కువని తెలుసు. అయితే నేరోబోటుకి ఇటుకల ఇంటికి లేని సుగుణం ఒకటుంది. అది కదులుతుంది!

కౌరోస్ట్ నుంచి బుల్‌బోర్న్ దాకా మూడు మైళ్ళు కాలువ ఒకే మట్టంలో ఉంటుంది. చిల్టర్న్ కొండల్ని దాటే చోటు అది, లాకులు లేవు. మధ్యలో ఒకటిన్నర మైలు మేర కొండని నిలువునా తవ్వి కాలువ తీశారు. యంత్రాలు లేని రోజుల్లో పారలతో, బండ్లతో! రెండువైపులా ఎత్తైన గట్లు, వాటి మీద చెట్లు ఒకదానికొకటి చేతులు చాపినట్టు ఉంటాయి.

నాలుగున్నరకి ఇంజన్లు వేశాం. ముందు పెద్దావిడ పడవ, వెనక మాది. మేం ఎంత చెప్పినా చుక్కాని బావకి ఇవ్వలేదు. "నిన్న నా చెప్పులు పోయాయి గానీ నా చేతులు పోలేదు" అంది. నేను ఆవిడ పక్కనే నిలబడ్డాను, తడి తుండు పట్టుకుని. కాలువ మీద గంటకి 4 మైళ్ళు మించకూడదు. కట్టి ఉన్న పడవల పక్కనించి వెళ్ళేటప్పుడు ఇంకా నెమ్మది, అవతలివాళ్ళ పడవ ఊగకూడదు. బాతులు మమ్మల్ని దాటిపోయాయి!

సూర్యుడు పైకొచ్చేసరికి చెట్ల కింద మేకులు దిగ్గొట్టి తాళ్ళు కట్టేశాం. నీడలో సోలార్ పలకలు పనిచెయ్యవు. ఫ్రిజ్ ఆపేశాం. కరెంటు కావాలా, నీడ కావాలా అంటే ఆ రోజు ప్రశ్నే లేదు.

వట్టివేళ్ళ తడిక

ఇక మన పద్ధతులు మొదలయ్యాయి. ముందు తలుపులు, వెనక తలుపులు, పక్క తలుపు బార్లా తెరిచాం. పడవ పొడవునా గాలి సొరంగంలోలా దూరిపోవాలి. ఎండ పడే వైపు కిటికీలకి బయటినుంచి మెరిసే రేకు కాగితం. లోపలినుంచి తెర వేస్తే వేడి అప్పటికే లోపలికి వచ్చేసినట్టే. కప్పు మీద పాత దుప్పట్లు పరిచి కాలువ నీళ్ళు బాల్చీలతో తోడి పోశాం. గంటకోసారి. నీళ్ళు ఆవిరవుతూ కప్పు వేడిని పట్టుకుపోతాయి.

పక్క తలుపుకి తడి దుప్పటి వేలాడదీస్తుంటే బావ ఆగి నావంక చూశాడు.

"తాతయ్య ఇంట్లో వట్టివేళ్ళ తడిక గుర్తొచ్చిందా?"

గుర్తు రాకుండా ఎలా ఉంటుంది! సూత్రం అదే. అయితే ఒక తిరకాసుంది. గాలిలో తేమ తక్కువగా ఉంటేనే తడిగుడ్డ చల్లబరుస్తుంది. కోనసీమ ఉక్కపోతలో ఎన్ని దుప్పట్లు తడిపినా లాభం లేదు. ఆ రోజు ఇంగ్లండు గాలి మన రాయలసీమ వడగాలిలా పొడిగా ఉంది కాబట్టి పనిచేసింది. ఫ్యాను సంగతీ అంతే. గాలి 35 డిగ్రీలు దాటాక ఒట్టి ఫ్యాను వేడిగాలినే మొహాన కొడుతుంది. ఒళ్ళు తడిపి వేసుకుంటే మేలు.

మధ్యాహ్నం మూడింటికి లోపల 34. ముందురోజు కంటే 8 డిగ్రీలు తక్కువ, అదీ బయట ఎండ మరింత పెరిగిన రోజున!

సాయంత్రానికి రేడియో చెప్పింది. లింకన్‌షైర్లో కనింగ్స్‌బీ అనే చోట 40.3 డిగ్రీలు. బ్రిటన్‌లో 40 దాటడం అదే తొలిసారి. లండన్ శివార్లలో వెన్నింగ్టన్ అనే ఊళ్ళో ఇళ్ళు తగలబడ్డాయి. లండన్ అగ్నిమాపక దళానికి రెండో ప్రపంచయుద్ధం తర్వాత అంత తీరిక లేని రోజు ఇంకోటి లేదట. హామర్‌స్మిత్ వంతెన ఇనుప గొలుసులు వేడికి పాడవకుండా మెరిసే రేకు చుట్టారు. మనం కిటికీకి చుట్టిందే వాళ్ళు వంతెనకి చుట్టారన్నమాట!

ఈ వేడి మనుషులు గాలిలోకి వదిలిన పొగల పుణ్యమేనని, అది లేకుంటే ఇలాంటి రోజు రావడం కనీసం పదింతలు అరుదని శాస్త్రజ్ఞులు లెక్కలు కట్టారు.

ఇరవయ్యో తేదీకి చల్లబడింది. పెద్దావిడ చుక్కాని దగ్గర నిలబడి టీ తాగుతూ చెయ్యూపింది. ఆ తర్వాత వసంతంలో తన పడవ కప్పుకి తెల్ల రంగు వేయించిందని బావ చెప్పాడు. సంప్రదాయం మాటేమిటని ఎవరో అడిగితే, "పాతకాలపు పడవవాళ్ళు బతికుంటే వాళ్ళూ వేసేవాళ్ళు" అందట.

కాలువ కట్టేశారు

కథ అక్కడితో శుభం కార్డు పడాలి. కానీ ఎండకి ఇంకో కొస ఉంది. నీళ్ళు.

కాలువలో నీళ్ళు ఊరికే నిలబడి ఉంటాయనుకుంటాం. నిలబడవు. మేం తలదాచుకున్న ఎత్తు ప్రదేశాన్నే తీసుకోండి. ఒక పడవ కొండ ఎక్కి అవతలికి దిగిందంటే ఇటో లాకునిండా, అటో లాకునిండా నీళ్ళు పల్లానికి పోవాల్సిందే. అక్కడి ఒక్కో లాకులో రెండు లక్షల లీటర్లకు పైమాటే. ఆ నీళ్ళు భర్తీ చెయ్యడానికి 19వ శతాబ్దం తొలినాళ్ళ నుంచీ ట్రింగ్ చుట్టూ చెరువులు తవ్వి పెట్టారు. వానలు లేకపోతే చెరువులు అడుగంటుతాయి. చెరువు అడుగంటితే లాకులకి తాళం.

2022 వేసవిలో ఉత్తరాన లీడ్స్ నుంచి లివర్‌పూల్ వెళ్ళే 127 మైళ్ళ కాలువలో చాలాభాగం మూశారు. 2025లో వసంతమే ఎండిపోయింది, వేసవి బ్రిటన్ రికార్డుల్లోకెల్లా వేడి వేసవిగా నిలిచింది. ఆ కాలువని మళ్ళీ మూశారు. అప్పటికి బావ ఉద్యోగం లీడ్స్‌కి మారింది. పడవతో సహా!

ఒకరోజు ఫోను. "కాలువ కట్టేశారు రా" అన్నాడు.

ఆ మాట వింటే గోదావరి డెల్టాలో పుట్టినవాళ్ళకి వేసవి సెలవులు గుర్తొస్తాయి. ఏటా పంట అయ్యాక కాలువలు కట్టేస్తారు, పూడిక తీస్తారు. పిల్లలు ఎండిన కాలువలో క్రికెట్ ఆడతారు. జూన్లో మళ్ళీ నీళ్ళు వదిలితే పండగ. మనకి అది పంచాంగంలో భాగం. వాళ్ళకి కాదు. వాళ్ళు కాలువలోనే కాపురం ఉంటున్నారు!

సొంత రేవు లేని పడవ ఒకేచోట 14 రోజులు మించి ఉండకూడదని 1995 నాటి చట్టం. పరిస్థితిని బట్టి ఎక్కువ రోజులుండే వెసులుబాటూ ఆ చట్టంలోనే ఉంది. కాబట్టి కదల్లేనివాణ్ణి కదలమని ఎవరూ తరమరు. ఇబ్బంది వేరే ఉంది. అటు లాకు మూత, ఇటు లాకు మూత. మంచినీళ్ళ కుళాయి మూత పడ్డ లాకుకి అవతల. నీడ కూడా అవతలే. ఎండ నుంచి పడవని కాపాడింది దాని కదలికే కదా! ఎండ ముదిరితే ముందు ఆ కదలికే పోతుంది.

"మరేం చేస్తున్నావు బావా?"

"ఏముంది, డబ్బాలతో నీళ్ళు మోస్తున్నా. కప్పు మీద దుప్పట్లు తడుపుతున్నా. పొద్దున్నా సాయంత్రం పక్క పడవలన్నీ తట్టి వస్తున్నా."

"బాగానే ఉన్నామంటున్నారా?"

"అందరూ అదే అంటారు. అందుకే తలుపు తీసి మొహం చూపించేదాకా కదలను" అన్నాడు.